పాలలో అలసిపోవు రక్షకులు

మొగిలి కనుమ నెక్కి చిత్తూరు మైదానమును వెనుక విడిచినవాడు పలమనేరు చేరునప్పటికి గాలి మారును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఈ గట్టునేల మీద, నడివేసవిలో సైతము వేకువగాలి చల్లగా తగులు పలమనేరు, గంగవరము, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములందు, వానను నమ్మి వేరుసెనగ విత్తి, వాన మొగము చాటేసిన యేట అప్పునకు అప్పు చేర్చుకొని, టమాట పండించి, మదనపల్లె మార్కెట్టున ధర కూలిన వారము పండిన పంటను గట్టుపై పారబోసికొని, అయినను సంసారమును ఈదుకొని వచ్చుచున్న చిన్న రైతునకు చేయి విడువని ఆదరువు ఒక్కటే కలదు. అది ఇంటి ప్రక్క కొట్టమునందు కట్టియున్న రెండు మూడు ఆవులు. పంట డబ్బు ఏటికొకసారి వచ్చిన వచ్చును, లేకున్న లేదు. పాల డబ్బు మాత్రము వారమునకో పక్షమునకో తప్పక చేతికి అందును. పిల్లల బడి ఫీజు, పండుగ బట్ట, ముసలివారి మందుబిళ్ళ, అన్నియు ఆ డబ్బులోనుండియే వెళ్లును. పలమనేరునకు ఆనుకొనియున్న గంగవరము మండలమున ఏ పల్లె దారి పట్టినను, తెల్లవారక మునుపే స్టీలు క్యానులు చేతబట్టుకొని పాలకేంద్రమునకు నడచు ఆడువారు ఎదురుపడుదురు.

పాలకేంద్రమునందు వారు పోసిన పాలకు వెల కట్టునవి రెండు అంకెలు. ఒకటి వెన్నశాతము. రెండవది వెన్న కాక పాలలో మిగిలిన గట్టిపదార్థముల శాతము. చదువు వచ్చినవారును రానివారును ఎస్.ఎన్.ఎఫ్. అనియే దానిని పిలుతురు. ఆ రెండవ అంకెలో లాక్టోసు అను చక్కెరయు, ఖనిజలవణములును, మాంసకృత్తులును కలిసియుండును. మాంసకృత్తులలో నూటికి ఎనుబది పాళ్లు కేసీన్ అనునది. పాలు తెల్లగా కనబడుటకును, పెరుగు గడ్డకట్టుటకును, కోవా బిగియుటకును ముఖ్యకారణము ఇదియే. లీటరు ఆవుపాలలో ఇది సుమారు 26 గ్రాములుండును గనుక, పూటకు ఆరేడు లీటర్లిచ్చు సంకరజాతి ఆవు దినమునకు మూడువందల గ్రాములకు మించిన కేసీనును తన పొదుగున నిర్మించి మన పాత్రలోనికి ధారపోయుచున్నది. రైతునకు డబ్బు తెచ్చు ఈ పదార్థమే, ఆ ఆవును రోగమునుండి కాపాడవలసిన రక్షక కణముల పనికి అడ్డుపడుచున్నదను సత్యమును శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికి పైగా పరిశీలించుచున్నారు. అది ప్రయోగశాలలలో నిలిచిపోవలసిన సంగతి కాదనియు, గంగవరము కొట్టముల దాక రావలసిన సంగతి యనియు నా నమ్మకము.

పొదుగు వాపు వ్యాధిని ఎరుగని పాడి ఇల్లు ఉండదు. ఉన్నట్లుండి ఒక పూట ఆవు కాలు విసరును. దూడను విడిచినను చేపదు. పొదుగున ఒక భాగము వెచ్చగా, గట్టిగా చేతికి తగులును. మొదటి ధారలో పాలకు బదులు విరిగిన తరకలును, పలుచని నీరును, ఒక్కొక్కప్పుడు నెత్తురును పడును. దిష్టి తగిలినదని మిరపకాయలు దిగదుడిచి నిప్పులలో వేయు ఇండ్లు ఇప్పటికిని కలవు. చూచుటకు ఒక్కటిగా తోచు పొదుగు లోపల నాలుగు వేరువేరు భాగములై యుండును; ఒక భాగపు పాలు మరియొక భాగములోనికి పోజాలవు; కాబట్టియే ఒక చన్ను చెడినను తక్కిన మూడును కొంతకాలము చక్కగా పాలిచ్చుచుండును. చన్ను కొననుండి లోనికి పోవు రంధ్రమార్గము ఒక సెంటీమీటరు ప్రాంతము మాత్రమే. పేడలోనుండి ఈ.కోలైయు, పితుకువారి చేతులనుండియు ఇదివరకే జబ్బుపడిన పొదుగులనుండియు స్టెఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ మొదలైన సూక్ష్మజీవులును ఆ చిన్నదారి గుండ లోనికి ప్రవేశించును. ఇట్లు కంటికి కనబడు జబ్బు కంటె కనబడనిదే మిక్కిలి విస్తారము. పాలు తెల్లగానే యుండును, ఆవు మేత మేయుచునే యుండును, పొదుగు మెత్తగానే యుండును. పాలు మాత్రము దినదినమునకు కొంచెము కొంచెముగా తగ్గుచుండును. మేత చాలలేదేమో అని ఇంటివారు తవుడు పెంచుదురు. చెరుపు లోపల సాగిపోవుచునే యుండును.

లోపలికి వచ్చిన శత్రువును ఎదుర్కొనుటకు ప్రకృతి ఒక ఏర్పాటు చేసినది. 1882లో ఇటలీలోని మెస్సీనా సముద్రతీరమున రష్యాదేశపు ప్రాణిశాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్, పారదర్శకమైన నక్షత్రచేప డింభకములలో గులాబీ ముండ్లు గ్రుచ్చి, మరునాటి ఉదయము సూక్ష్మదర్శినితో చూచినప్పుడు, సంచరించు కణములు ఆ ముండ్ల చుట్టును మూగియుండుట కనుగొనెను. పరాయి వస్తువును చుట్టుముట్టి మ్రింగివేయు కణములు ప్రాణిదేహములందు కలవను సిద్ధాంతమునకు అది ఆరంభము. అందులకై 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ మ్రింగు కణములలో ముందుగా యుద్ధస్థలమునకు చేరునది న్యూట్రోఫిల్. అది మిల్లీమీటరులో నూరవవంతు వ్యాసము కలిగిన తెల్లకణము. రక్తనాళపు గోడను దూరి బయటకు వచ్చి, సూక్ష్మజీవి వాసన పట్టి, దేహమునుండి తాత్కాలికముగ చేతులు చాచి దానిని పట్టి మ్రింగి, తన లోపలి చిన్నచిన్న రేణువులందు దాచుకొన్న ఎంజైములను, ఆక్సిజన్ నుండి అప్పటికప్పుడు పుట్టించిన విషమును దానిమీద గుమ్మరించి చంపును. పొదుగులో జబ్బు సోకిన కొన్ని గంటలలోనే రక్తమునుండి ఇవి లక్షలు లక్షలుగా పాలలోనికి దిగివచ్చును. ఆరోగ్యవంతమైన పొదుగు పాలలో మిల్లీలీటరునకు లక్షకు లోపుగ ఉండు కణములు, వాపు వచ్చినప్పుడు పదులకొలది లక్షలగును. వానిలో నూటికి తొంబది వరకు న్యూట్రోఫిల్ కణములే యుండును.

రక్తమునందు ఇంత చురుకైన ఈ కణము పాలలో మునిగిన తరువాత ఆ చురుకుదనమును పోగొట్టుకొనును. 1973లో కెనడా తులనాత్మక వైద్య పత్రికయందు నాయుడు, న్యూబౌల్డ్ అను ఇరువురు పరిశోధకులు, రక్తములోని తెల్లకణములకంటె పాలలోని తెల్లకణములందు గ్లైకోజన్ అను శక్తినిలువ తక్కువగా నుండుటను వెల్లడించిరి. పాలలో గ్లూకోజు లేశమాత్రము. ఆక్సిజన్ సైతము రక్తమందున్నంత ఉండదు. తెచ్చుకొన్న బత్తెము కొద్దిపాటి, దొరకు బత్తెము లేనేలేదు. అయినను ఇదియొక్కటే కారణమైయుండిన ఎక్కువ కణములు వచ్చి ఆ లోటు తీర్చియుండెడివి. అసలు కారణము పాలలోని ఘనపదార్థములందే కలదు. కేసీన్ పాలలో కరగిన ఉప్పువలె ఉండక, కాల్షియమును ఫాస్ఫేటును తనతో కలుపుకొని, మిల్లీమీటరులో పదివేల భాగములలో ఒకటి రెండు భాగములంత గుండ్రని ఉండలై తేలియాడుచుండును. ఒక్క మిల్లీలీటరు పాలలో ఈ ఉండలు కోటానుకోట్లు. వీనికి తోడు వెన్న బిందువులు. న్యూట్రోఫిల్ కణము తన ఎదుట తేలు ఈ ఉండలను, బిందువులను కూడ పరాయి వస్తువులుగ ఎంచి మ్రింగుట ఆరంభించును.

1977లో రస్సెల్, బ్రూకర్, రైటర్ అను మువ్వురు పరిశోధకులు పాలలోని తెల్లకణములు స్టెఫిలోకాకస్‌ను మ్రింగు తీరును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, కేసీన్ ఉండలును వెన్న బిందువులును ఆ కణముల లోపల నిండియుండుట ప్రత్యక్షముగ చూపిరి. ఒక ఉండను మ్రింగిన ప్రతిసారియు కణము తన ఎంజైముల రేణువులలో కొన్నింటిని దానిపై వెచ్చించును. పైపొరలో కొంత భాగమును లోనికి లాగికొనును. చాచవలసిన చేతులు కురచబారి, గుండ్రబడి, కదలిక మందగించును. పెండ్లిపందిరిని కావలి కాయుటకు నిలిపినవాడు తానే పంక్తిలో కూర్చుండి కడుపార భుజించి, దొంగ గోడ దూకు వేళకు లేవలేకపోయినట్లు, నిజమైన శత్రువు ఎదురైనప్పుడు ఈ కణమునకు వెచ్చించుటకు మిగిలినది స్వల్పము. ఇది ఆ కణపు అవివేకము కాదు. ముప్పదిరెండు పండ్లున్నవాడు అన్నమునందు రాయిని ఏరుకొనగలడు గాని, రాళ్లరాశియందు ఒక్క మెతుకును ఏరుకొనుట ఎవరికిని సాధ్యము కాదు.

ఈ బలహీనతకు తోడు, సూక్ష్మజీవిని గుర్తు పట్టుటకు రక్తమునందు పుష్కలముగ నుండు ప్రతిరక్షకములును, పూరక మాంసకృత్తులును ఆరోగ్యపు పాలలో కొద్దిపాటిగనే యుండును. ఈనిన కొత్తలో మరియొక కష్టము. ప్రసవకాలమందు ఆవు రక్తమున పెరుగు కార్టిసాల్ వంటి హార్మోనుల ప్రభావమున న్యూట్రోఫిల్ కణములు రక్తనాళపు గోడను పట్టుకొని బయటకు దూరు శక్తిని కొంత కోల్పోవును. బెల్జియమునందలి ఘెంట్ విశ్వవిద్యాలయమున బుర్వెనిష్ బృందము బహుకాలము శ్రమించి 2003లో ప్రకటించిన సమీక్షలో తేల్చినది గమనింపదగినది: ఈ.కోలై వలన వచ్చు పొదుగు వాపు ఎంత తీవ్రమగునో నిర్ణయించునది ప్రధానముగ ఆ సూక్ష్మజీవి కాదు, ఆవు దేహస్థితియే. న్యూట్రోఫిల్ కణములు వేళకు వచ్చిన ఆవు తేరుకొనును. అవి ఆలస్యమైన ఆవు అదే సూక్ష్మజీవి వలన ప్రాణాపాయమున పడును. మన ఇండ్లలో ఈనిన ఆవునకు ఒళ్లు గట్టిపడునని బెల్లమును సొంటిని పెట్టుదురు గాని, ఆ దినములలోనే పొదుగు శుభ్రతకు ఇబ్బడి శ్రద్ధ తీసికొనవలెనని తలచువారు అరుదు.

సృష్టి తన రక్షకులను ఇట్లు అసమర్థులను చేయునా అను ప్రశ్న సహజము. పాలు మొదట దూడకొరకు పుట్టినవి. దూడ దినమునకు అనేక పర్యాయములు కుడిచి పొదుగును ఎప్పటికప్పుడు ఖాళీచేయును. చేరిన సూక్ష్మజీవులు చాల భాగము ఆ ధారతోనే వెలుపలికి కొట్టుకొనిపోవును. పొదుగున నిలువయుండు పాలు స్వల్పము. మూడుగజముల కొట్టమున కట్టివేసి, రెండే పూటలు పితికి, నడుమ పండ్రెండు గంటలు పొదుగును నిండుకుండగ నిలుపుట మనుష్యుడు చేసిన ఏర్పాటు. పుంగనూరు పొట్టి ఆవును చూడుడు. మూడడుగుల ప్రాంతపు ఎత్తు గల ఆ ఆవు దినమునకు కొద్ది లీటర్ల పాలే ఇచ్చును. పలమనేరు పశుపరిశోధన స్థానమున ఆ జాతి మందను కాపాడుచుండుట ఈ సీమకు గర్వకారణము. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రములు వెలువడిన పిమ్మట దేశమంతట దాని పేరు మారుమ్రోగినది. అయినంత మాత్రమున జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులను వెళ్లగొట్టి ఊరూర పొట్టి ఆవులనే కట్టుకొనుడని చెప్పుట న్యాయము కాదు. గంగవరము రైతు బడి ఫీజు కట్టుచున్నది సంకరజాతి పాలతోనే. ఎక్కువ పాలడిగిన మనము ఆ పాలలో అలసిపోవు కణములకు మారుగా కొంత కావలి పనిని మన చేతులమీద వేసికొనవలెను. ఆ పనిని ఆవునకే విడిచిపెట్టుటయే అన్యాయము.

ఈ సందర్భముననే నేటి ఏ2 పాల ప్రచారమును గూర్చి ఒక్క మాట. కేసీన్‌లలో ఒకటైన బీటా కేసీన్ అమైనో ఆమ్లముల గొలుసున 67వ స్థానమున ప్రోలీన్ ఉన్న ఏ2 యనియు, హిస్టిడీన్ ఉన్న ఏ1 యనియు అందురు. మన దేశవాళీ ఆవులలో అధికభాగము ఏ2 రకమే. ఆ చర్చ పాలు త్రాగు మనుష్యుని జీర్ణకోశమునకు సంబంధించినది. కేసీన్ ఏ రకమైనను పొదుగులోని తెల్లకణము దానిని మ్రింగుచునే యుండును. ఏ2 ఆవునకు పొదుగు జబ్బు రాదని ఎవరైన చెప్పిన నమ్మవలదు.

ఇంతవరకు చెప్పినది నిరాశ కలిగించునదైనను, ఆవు చేతిలో మరియొక ఆయుధము కలదని తరువాతి పరిశోధన తెలిపినది. 2004లో బెర్లిన్‌లోని మాక్స్‌ప్లాంక్ సంస్థయందు బ్రింక్‌మన్, జిక్లిన్‌స్కీ బృందము, న్యూట్రోఫిల్ కణము మ్రింగుటయే కాక, తన కేంద్రకమునందలి డి.ఎన్.ఏ. పోగులను వెలుపలికి విసరి, వానికి అంటియున్న మాంసకృత్తులతో సూక్ష్మజీవులను చిక్కించి చంపునని కనుగొనెను. ఆ పోగులకు వల యనియే పేరు పెట్టిరి. పాలలో మ్రింగు శక్తి తగ్గిన కణమునకు వల వేయు శక్తి యైనను మిగిలియున్నదా? అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఏమ్స్ పట్టణమందలి జాతీయ పశురోగ కేంద్రమున లిపోలిస్ బృందము 2006లో దీనికి సమాధానమిచ్చినది. పాలు మ్రింగుటకు అడ్డుపడినను, ఆవు న్యూట్రోఫిల్ కణములు వల వేయుటకు అడ్డుపడలేదు. కడుపు నిండి కదలలేకపోయిన కణము సైతము తన కేంద్రకమునే తీసి శత్రువుపై విసరి ప్రాణము విడుచుచున్నది. ఇందులకును వెల కలదు. వలలోని హిస్టోనులు అను మాంసకృత్తులు పాలు తయారుచేయు కణములను సైతము గాయపరచును. జబ్బు బహుదినములు సాగిన పొదుగు భాగము గట్టిపడి మరల మునుపటివలె పాలీయకుండుటకు ఇదియు ఒక హేతువు కావచ్చును. స్టెఫిలోకాకస్ ఆరియస్ ఆ వలపోగులను తెగగోయు ఎంజైమును విడిచి తప్పించుకొనుటయు కలదు. ఈ సూక్ష్మజీవి ఒకసారి పొదుగున తిష్ఠ వేసిన మందులకు లొంగుట దుర్లభమగుటకు గల కారణములలో ఇదియొకటి.

ఈ డి.ఎన్.ఏ.ను గంగవరమందలి కొట్టముననే కంటితో చూడవచ్చును. 1957లో షాల్మ్, నూర్లాండర్ అను వారు ప్రవేశపెట్టిన కాలిఫోర్నియా పరీక్షకు కావలసినది నాలుగు చిన్న గిన్నెలు అతికిన ఒక ప్లాస్టిక్ పళ్లెమును, ఊదారంగు ద్రావకపు సీసాయును. ఒక్కొక్క చన్నునుండి ఒక్కొక్క గిన్నెలోనికి రెండు ధారలు పితికి, పళ్లెమును వంచి ఎక్కువైన పాలు పారబోసి, పాలతో సమానముగ ద్రావకమును కలిపి, పళ్లెమును మెల్లగ గుండ్రముగ త్రిప్పవలెను. మంచి చన్నుల గిన్నెలలో పాలు ఊదారంగు తిరిగి తేటగ ఇటునటు పారుచుండును. జబ్బుపడిన చన్ను గిన్నెలో మాత్రము, పది క్షణములు గడవక మునుపే అంచున జిగురు కనబడి, నడుమకు ముద్దకట్టి, పళ్లెమును వంచినను జారక అడుగుననే పట్టుకొని నిలుచును. ద్రావకములోని సబ్బుగుణము తెల్లకణముల పొరలను పగులగొట్టగ వెలువడిన డి.ఎన్.ఏ.యే ఆ జిగురు. కణములెంత ఎక్కువైన జిగురు అంత చిక్కన. ద్రావకము దొరకనిచోట బట్టల సోపు పొడిని నీట కలిపి, అదే పని జరిపించుకొనువారును కలరు. చేతికి వెచ్చదనము తగులక మునుపే, పాలలో తరకలు పడక మునుపే, ఆ ఊదారంగు జిగురు జబ్బును చెప్పును. ఊరి పశుసేవకుడగు గోపాలమిత్ర ఈ పళ్లెమును త్రిప్పి చూపిన ఇంటివారికి, తెల్లని పాలన్నియు మంచి పాలు కావని మరల చెప్పనక్కరలేదు.

ఎస్.ఎన్.ఎఫ్. అంకె ఈ జబ్బును పట్టి చూపలేకపోవుటకు గల కారణమును ఇప్పుడు చెప్పవచ్చును. వాపు వచ్చిన పొదుగున ప్లాస్మిన్ మొదలైన ఎంజైములు కేసీనును ముక్కలు చేయును. అదే సమయమున రక్తమునుండి ఆల్బుమిన్, ప్రతిరక్షకములు పాలలోనికి ఊరును. కేసీన్ తగ్గినంత మేర రక్తపు మాంసకృత్తులు చేరుటచేత మొత్తము అంతగ మారినట్లు తోచదు. పాలు ఉప్పన యగును, తోడు వేసిన పెరుగు పలుచన యగును, కోవా దిగుబడి తగ్గును. పాలకేంద్రపు యంత్రము మాత్రము దానిని గట్టిగ పసిగట్టదు.

కేసీన్ కథలో నన్ను అన్నింటికంటె ఆశ్చర్యపరచినది ఈ ముక్కల సంగతియే. పూర్తి ఉండగ నున్నప్పుడు రక్షకుని అలయించు కేసీన్, తెగి ముక్కలైనప్పుడు రక్షకులను పిలుచును. ఎలుకలనుండి న్యూట్రోఫిల్ కణములను సేకరింపదలచిన ప్రయోగశాలలలో కేసీన్ ద్రావణమును వాని కడుపుకుహరమున ఎక్కించుట పాత వాడుక. కొన్ని గంటలలో ఆ కణములు అచటికి పోగగును. ఇజ్రాయేలు దేశమున నిస్సీం సిలానికోవ్, గాబ్రియేల్ లైట్నర్ ప్రభృతులు ఈ మార్గమున చాల దూరము నడచిరి. పితుకుట ఆపిన పొదుగున పాలు నిలువయుండగ ప్లాస్మిన్ మేల్కొని బీటా కేసీనును కోయును. దాని మొదటి 28 అమైనో ఆమ్లముల తునక పాలు తయారుచేయు కణములకు ఇక చాలునను సంకేతమగును. పొదుగు ఎండుట ఆరంభించును. ఎంజైముతో ముందే జీర్ణింపజేసిన కేసీనును ఆవుల, మేకల పొదుగులలోనికి చన్నుమార్గమున ఎక్కించినప్పుడు, ఆ ఎండుట కొలదిదినములలోనే ముగిసి, తెల్లకణములు వెల్లువగ వచ్చి, దాగియున్న పాత జబ్బులలో కొన్ని నయమగుటను వారు గమనించిరి. కుప్పమువారికి ఇజ్రాయేలు పేరు క్రొత్త కాదు. 1990లలో అచటి పొలములలో ఆ దేశపు బిందుసేద్యపు పద్ధతిని ప్రదర్శించిరి. చుక్కచుక్క నీటిని లెక్కించుట నేర్పిన ఆ దేశమునుండియే, పాలలోని ఒక మాంసకృత్తు తునకను లెక్కించు విద్యయు వచ్చినది. మన సీమకు మొదటిది వచ్చినంత వేగముగ రెండవది రాలేదు. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుండియు, శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము 2005 నుండియు ఉన్న జిల్లాలకు ఈ పరిశోధన దూరపుచుట్టము కాగూడదు.

పొదుగు వట్టిపోవు కాలమునకు గల మహత్త్వమును ఈ వెలుగులో చూడవలెను. ఈనుటకు అరువది దినముల ముందు ఆవును ఎండగట్టిన, పాలలో కేసీనును వెన్నయును తగ్గిపోవును. కణములను మభ్యపెట్టు ఉండలు మాయమగును. లాక్టోఫెర్రిన్ అను మరియొక పాల మాంసకృత్తు పలురెట్లు పెరుగును. ఇనుము లేనిదే పెక్కు సూక్ష్మజీవులు పెరుగజాలవు. లాక్టోఫెర్రిన్ ఇనుమును గట్టిగ పట్టుకొని వానిని పస్తు పెట్టును. పాలిచ్చు కాలమందు సిట్రేటు ఆ ఇనుమును మరల సూక్ష్మజీవులకు అందించి దీని పనిని చెరచును. ఎండిన పొదుగున సిట్రేటు తగ్గును గనుక దీని బలము నిండుగ కనబడును. ఇదే లాక్టోఫెర్రిన్ న్యూట్రోఫిల్ కణముల వలలు అతిగా విప్పుకొనకుండ అణచునని మనుష్యకణములతో జపానువారు 2016లో చూపిరి. ఒక్కొక్క మాంసకృత్తునకు రెండేసి ముఖములుండుట పాలకు స్వభావమువలె తోచుచున్నది. అయినను ఎండుట మొదలైన తొలి రెండు వారములును, ఈనుటకు ముందటి రెండు వారములును పొదుగునకు గండములు. నిలువయున్న పాలు, తెరచుకొన్న చన్నుకొనలు, ఇంకను మేలుకొనని రక్షకులు ఒక్కచోట కూడు దినములవి. వాడుకగ చివరి నెల వరకు పితికి, ఆ నాలుగు లీటర్ల ఆశకు పొదుగునకు దక్కవలసిన విశ్రాంతిని హరించుట మన ఊళ్లలో తరచు జరుగుచున్నది. పాలకేంద్రములవారు దీనిని గూర్చి మాటలాడరు. వారికి పాలు కావలెను.

పితుకువారి చేతిలోనిది పెద్ద విద్య కాదు. బొటనవ్రేలు మడిచి దాని కణుపుతో చన్నును ఒత్తి పితుకుట మన ప్రాంతమున బాగుగ పాతుకొన్న అలవాటు. దానివలన చన్నులోపలి సున్నితమైన పొర నలిగి, సూక్ష్మజీవికి తలుపు తెరచినట్లగును. అయిదు వ్రేళ్లతో చన్నును పిడికిట పట్టి పితుకవలెను. మొదటి రెండు ధారలను నేలపై విడువక నల్లని గుడ్డ కప్పిన గిన్నెలో పితికి తరకల కొరకు చూడవలెను. ఒక ఇంట గోపాలమిత్ర ఈ మాట చెప్పగా విన్నాను: "అమ్మా, మొదటి ధార నేలమీద పిండొద్దు, ఆ తడిలోనే ఆవు పండుకుంటాది." ఆ పెద్దామె "అట్లనే లే నాయనా, రేపటి సంది గిన్నెలోనే పిండుతా" అని గిన్నె కొరకు లోనికి వెళ్లినది. జబ్బు చన్నున్న ఆవును చివర పితుకుట, పితుకుట ముగిసిన వెంటనే చన్నులను అయొడిన్ మందులో ముంచుట, అటుపిమ్మట మేత వేసి అరగంట గంట ఆవును నిలువబెట్టుట అన్నిటికంటె సులువైన పనులు. చన్నురంధ్రము మూసికొనుటకు ఆపాటి సమయము పట్టును, అంతలో ఆవు పేడలో పండుకొనరాదు. జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారము చేయుచున్న కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు నూరిన ముద్దను పొదుగునకు పూయు పద్ధతి ఆరంభదశలో ఉపకరించునదే. జ్వరము వచ్చి మేత మానిన ఆవునకు మాత్రము పూతలతో కాలయాపన చేయక వైద్యుని పిలువవలెను. ఆయన సూది వేసిన దినములలో పాలను కేంద్రమునకు పోయరాదు. మందు చేరిన ఆ పాలు తోడు వేసినను సరిగా తోడుకొనవు.

పాలకేంద్రములవారిని అడుగవలసినదొకటి మిగిలినది. ఐరోపా దేశములలో మిల్లీలీటరునకు నాలుగు లక్షల కణములు మించిన పాలను మంచి పాలుగ అంగీకరింపరు. మన పల్లె కేంద్రములలో సాధారణముగ వెన్నను, ఎస్.ఎన్.ఎఫ్.ను చూతురు గాని కణములను చూడరు. ప్రతి దినము ప్రతి క్యానును పరీక్షింపనక్కరలేదు. నెలకొక్క పర్యాయము ఊరిలోని ప్రతి ఆవునకు ఆ నాలుగు గిన్నెల పళ్లెమును త్రిప్పి, జిగురు పట్టని పాలు పోయువారికి లీటరునకు కొంత అధికముగ చెల్లించి, జిగురు పట్టిన ఇంటికి మరునాడే వైద్యుని పంపించిన చాలును. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతబడిన తరువాత ఈ జిల్లా పాలను కొనువారు ఎందరో వచ్చిరి, వారిలో వారికి పోటీయు పెరిగినది. ఆ పోటీ వెన్నశాతము పైనుండి కణముల లెక్క మీదికి మరలిన నాడు, గంగవరము కొట్టమున కట్టియున్న ఆవునకు దాని లాభము మొదట దక్కును.